వెంటపడటానికి ప్రేమ అని పేరా?

సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద సాయంత్రాలు నడిచేటప్పుడు నేనొక సంగీతం వింటుంటాను. ఒబో ఒక్కటే మోగుతుంది. తోడుగా మరో వాయిద్యం లేదు. ఒబో మన సన్నాయికి దూరపు చుట్టం. జంట రెల్లు రేకుల మధ్య నుంచి ఊపిరి పోవాలి. ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన ఈ రచనని 1951 జూన్ 14న ఇంగ్లండులోని థోర్ప్‌నెస్‌లో ఇలాంటి ఒక చెరువు దగ్గరే మొదటిసారి వినిపించారు. వాయించింది జాయ్ బౌటన్ అనే స్త్రీ.

రెండు వేల ఏళ్లనాటి లాటిన్ కవి ఓవిడ్ చెప్పిన ఆరు రూపాంతరాల కథలివి. ఒక్కో భాగానికీ బ్రిటెన్ ఒక చిన్న వ్యాఖ్య పెట్టాడు. నా తగువు ఆ వ్యాఖ్యలతోనే.

మొదటి కథలో పాన్ అనే దేవుడు సిరింక్స్ వెంటపడతాడు. తప్పించుకోలేక ఆమె రెల్లుగా మారిపోతుంది. అతను ఆ రెల్లునే కోసి పిల్లనగ్రోవి చేసుకుంటాడు. వ్యాఖ్యలో ఆమె అతని ప్రేయసి! చివరి కథలో నదీదేవుడి నుంచి పారిపోయి అరెతూసా నీటి ఊట అవుతుంది. ఆమె పారిపోయింది అతని 'ప్రేమ' నుంచట.

ఈ మాట మనకి కొత్తా? 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఇలాంటివాళ్లకి మన పత్రికలు పెట్టిన పేరు 'ప్రేమోన్మాది'. ఉన్మాదానికి ముందు ప్రేమ ఎందుకు? నేను పాఠం చెప్పిన ఒకమ్మాయిని బస్టాండు నుంచి రోజూ ఒకడు వెంబడించేవాడు. ఇంట్లోవాళ్లు వాడిని అడగలేదు. ఆమె చదువు మాన్పించి పెళ్లి చేశారు. అదీ రూపాంతరమే. వెంటపడినవాడు మారడు, పారిపోయినదే మారాలి. వెంటపడటం నేరమని మన చట్టం 2013లో పేరు పెట్టి చెప్పింది. కళ ఇంకా చెప్పాల్సి ఉంది.

సంగీతానికి మాటలెందుకు, విని ఆనందించొచ్చు కదా అంటారు. ఆనందిస్తున్నాను కాబట్టే అడుగుతున్నాను. పాన్ భాగానికి కొలత లేదు, మన ఆలాపనలా ఆగుతూ సాగుతుంది. వెంటపడేవాడికి అంత తీరిక! పద్నాలుగు మంది పిల్లల్ని పోగొట్టుకుని కొండగా మారిన నయోబీ భాగం చివర మాత్రం భావం లేకుండా వాయించమని రాశాడు. అక్కడ బ్రిటెన్‌కి స్త్రీ దుఃఖం తెలుసు. అదే మనిషి బాకస్ విందు భాగం వ్యాఖ్యలో ఆడవాళ్ల వాగుడుని ఎగతాళిగా చేర్చాడు. స్వరంలో తెలిసింది మాటలో ఎందుకు తెలియలేదు?

రాయిగా మారిన ఆడవాళ్లు మనకీ ఉన్నారు. అహల్య కథని ఓల్గా 'మృణ్మయనాదం'లో అహల్య వైపు నుంచి చెప్పారు. సిరింక్స్ వైపు నుంచి చెప్పేదెవరు?

చిన్నప్పుడు మా పెళ్లిపందిళ్లలో సన్నాయి ఊదే ఆడమనిషిని ఒక్కరినీ చూడలేదు. ఆడవాళ్లకి అంత ఊపిరి ఉండదనేవారు. నాదస్వర విద్వాంసురాలు కాలీషాబీ మహబూబ్‌కి భర్త షేక్ మహబూబ్ సుభానీతో పాటు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊపిరి ఎప్పుడూ ఉంది. పీక అంటే ఊదే బూరే కాదు, గొంతు కూడా. ఈ రచనని వాయించే, బోధించే, దాని గురించి రాసే స్త్రీలు ఆ వ్యాఖ్యల్ని ఉన్నవున్నట్టు అప్పజెప్పడం మానాలి. సిరింక్స్ ప్రేయసి కాదు, పారిపోయిన మనిషి. మొదటి స్వరానికి ముందే ఆ మాట చెప్పాలి.