ఎక్స్‌బాక్స్ వన్: 2013లో అభిమానులు గెలిచారు, మరి డిస్క్ ఎందుకు కనుమరుగవుతోంది?

2013 మే 21న అమెరికాలోని రెడ్‌మండ్‌లో, మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయ ప్రాంగణంలో వేసిన ఒక పెద్ద గుడారంలో గంటసేపు సాగిన కార్యక్రమం అది. ఎనిమిదేళ్ల నిరీక్షణ తర్వాత కొత్త గేమింగ్ కన్సోల్ ‘ఎక్స్‌బాక్స్ వన్’ను సంస్థ ఆ వేదికపై ఆవిష్కరించింది. దశాబ్దం గడిచినా వీడియో గేమ్ అభిమానులు ఆ గంటను మరచిపోలేదు. ఒక సంస్థ తన వినియోగదారులను ఎంత తప్పుగా అంచనా వేయగలదో చెప్పడానికి నేటికీ వారు ముందుగా ప్రస్తావించేది ఆ ఆవిష్కరణనే.

ఆ జ్ఞాపకంలో పరిహాసం పాలు ఎక్కువ. అయితే అప్పుడు తలెత్తిన వివాదం ఒక పరికరం బాగోగులకు మాత్రమే సంబంధించినది కాదు. డబ్బు చెల్లించి కొన్న వస్తువు కొన్నవారిదా, అమ్మినవారిదా అన్నదే అందులోని అసలు ప్రశ్న. ఆ ఏడాది అభిమానులు దానికి గట్టిగా సమాధానం చెప్పారు, సంస్థ చేత ఒప్పించారు కూడా. కానీ అదే ప్రశ్న ఇప్పుడు మరో రూపంలో ముందుకు వచ్చింది.

ఆ రోజు వేదికపై ఏం జరిగింది?

అప్పటి ఎక్స్‌బాక్స్ విభాగ అధిపతి డాన్ మాట్రిక్ నేతృత్వంలో ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నోటిమాటతో టీవీ ఛానెల్ మార్చడం, సినిమా చూస్తూనే పక్కన మరో అప్లికేషన్ తెరవడం, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌తో ఒప్పందం వంటివి ప్రదర్శనలో ప్రధాన భాగాన్ని ఆక్రమించాయి. ‘హేలో’ గేమ్ ఆధారంగా ఒక టీవీ ధారావాహిక రానుందని, దానితో స్టీవెన్ స్పీల్‌బర్గ్ చేయి కలిపారని ప్రకటించారు. 

గేమ్‌ల కోసం ఎదురుచూసిన ప్రేక్షకులకు ఇది నిరాశ కలిగించింది. వేదికపై ‘టీవీ’ అనే మాట దొర్లిన ప్రతి సందర్భాన్నీ ఏరి కూర్చిన వీడియోలు ఇంటర్నెట్‌లో వెల్లువెత్తాయి. పోటీ సంస్థ సోనీ అదే ఏడాది ఫిబ్రవరి 20న న్యూయార్క్‌లో ప్లేస్టేషన్ 4ను ప్రకటించినప్పుడు అసలు కన్సోల్‌నే చూపించలేదు. అప్పుడు అందరూ సోనీని ఎగతాళి చేశారు. మూడు నెలలు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. పెట్టె చూపించని సోనీ గేమ్‌ల గురించి మాట్లాడిందని, పెట్టె చూపించిన మైక్రోసాఫ్ట్ మరిదేని గురించో మాట్లాడిందని అభిమానులు పోల్చి చూడసాగారు.

మైక్రోసాఫ్ట్ ఆలోచన పూర్తిగా అర్థరహితమేమీ కాదు. గదిలోని టీవీ చుట్టూ ఉన్న వినోదమంతటికీ ఒకే పెట్టెను కేంద్రం చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ కేంద్రస్థానాన్ని తర్వాతి కాలంలో స్మార్ట్ టీవీలు, చవకైన స్ట్రీమింగ్ పరికరాలు దక్కించుకున్నాయి. అంటే దారి సరిగానే గుర్తించినా, ఆ దారిన నడవడానికి తప్పు వాహనాన్ని, తప్పు ప్రయాణికులను ఎంచుకుంది.

నిబంధనలే నిప్పు రాజేశాయి

టీవీ ప్రస్తావన చికాకు పెడితే, నిబంధనలు ఆగ్రహం తెప్పించాయి. జూన్ 6న సంస్థ వాటిని రాతపూర్వకంగా వెల్లడించింది. కన్సోల్ ప్రతి 24 గంటలకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలి. లేకపోతే గేమ్‌లు ఆడటం కుదరదు. వేరొకరి కన్సోల్‌లో ఆడుతుంటే ఆ గడువు గంట మాత్రమే. గేమ్‌ను మిత్రుడికి ఇవ్వాలంటే అతడు కనీసం 30 రోజులుగా స్నేహితుల జాబితాలో ఉండాలి. ఒక గేమ్‌ను అలా ఒక్కసారే ఇవ్వవచ్చు. వాడిన గేమ్‌లను తిరిగి అమ్ముకునే వీలు కల్పించాలా వద్దా అన్నది ప్రచురణ సంస్థల ఇష్టం.

డిస్క్ చేతిలో ఉన్నా, అది కేవలం ఒక అనుమతి పత్రంగా మారిపోయిందన్న మాట. పుస్తకం కొన్నాక చదివి మిత్రుడికి ఇవ్వడానికి ప్రచురణకర్త అనుమతి అడగనవసరం లేదు. అలాంటప్పుడు గేమ్‌కు ఎందుకు అడగాలన్నది అభిమానుల వాదన.

అదే జూన్ 6న మరో సంచలనం బయటపడింది. ఎడ్వర్డ్ స్నోడెన్ అందించిన పత్రాల ఆధారంగా అమెరికా నిఘా కార్యక్రమం ‘ప్రిజమ్’ గురించి పత్రికలు రాశాయి. అందులో పేర్లున్న సంస్థల్లో మైక్రోసాఫ్ట్ ఒకటి. ఎక్స్‌బాక్స్ వన్‌తో తప్పనిసరిగా ఇవ్వదలచిన ‘కైనెక్ట్’ పరికరంలో కెమెరా, మైక్రోఫోన్ ఉంటాయి. ‘ఎక్స్‌బాక్స్ ఆన్’ అన్న పిలుపు కోసం అది చెవులు రిక్కించి ఉంటుంది. అది అనుసంధానమై లేకపోతే కన్సోల్ పనిచేయదని కూడా తొలుత చెప్పారు. గదిలో కన్ను, చెవి పెట్టుకోవడానికి సొమ్ము చెల్లించడమా అన్న సందేహం అలా సామాన్యుల దాకా చేరింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సంస్థ ప్రతినిధుల మాటతీరు ఇక్కడ పరిస్థితిని మరింత దిగజార్చింది. నిరంతర ఇంటర్నెట్ లేనివారి సంగతేమిటని ఒక ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, అలాంటివారి కోసం పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ఉందని మాట్రిక్ బదులిచ్చారు. నౌకల్లో, విదేశీ స్థావరాల్లో ఉండే అమెరికా సైనికులు సైతం దీన్ని తప్పుపట్టారు. కొనుగోలుదారుడి ఇబ్బందిని అతడి లోపంగా చూపిన ఆ ధోరణిని అభిమానులు నేటికీ క్షమించలేదు.

ఇరవై రోజుల తర్వాత ఒక సాయంత్రం

జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో రెండు సంస్థలూ ఒకే రోజు వేదికనెక్కాయి. పగలు మైక్రోసాఫ్ట్ తన కన్సోల్ ధరను 499 డాలర్లుగా ప్రకటించింది. సాయంత్రం సోనీ వంతు వచ్చింది. వాడిన గేమ్‌లపై తాము కొత్త ఆంక్షలేవీ విధించబోమని, ఇంటర్నెట్ అనుసంధానం తప్పనిసరి కాదని సోనీ అమెరికా విభాగ అధిపతి జాక్ ట్రెటన్ చెప్పగానే సభ దద్దరిల్లింది. ధర 399 డాలర్లు అని వెల్లడించినప్పుడు హర్షధ్వానాలు మళ్లీ మిన్నంటాయి. గేమ్‌ను ఎలా పంచుకోవాలో వివరిస్తూ సోనీ విడుదల చేసిన వీడియోలో ఇద్దరు ఉన్నతాధికారులు కనిపిస్తారు. ఒకరు డిస్క్‌ను మరొకరి చేతిలో పెడతారు, అంతటితో వీడియో పూర్తవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘పీఎస్4 నో డీఆర్ఎమ్’ అనే హ్యాష్‌ట్యాగ్‌తో అభిమానులు సోనీపై కూడా ముందే ఒత్తిడి తెచ్చారు. కాబట్టి ఆ సాయంత్రపు ప్రకటనను ఒక సంస్థ ఔదార్యంగా మాత్రమే చూడలేం. కొనేవారు సంఘటితంగా అడిగినప్పుడు, మార్కెట్‌లో నిజమైన పోటీ ఉన్నప్పుడు వచ్చే ఫలితమది.

జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. 24 గంటల నిబంధన, డిస్క్ మార్పిడిపై ఆంక్షలు రద్దయ్యాయి. జులై 1న మాట్రిక్ సంస్థను వీడి జింగాలో చేరుతున్నట్లు ప్రకటన వెలువడింది. కైనెక్ట్ తప్పనిసరి అన్న షరతు ఆగస్టులో పోయింది.

ఆ వెనకడుగులో ఒక నష్టమూ ఉంది. పది మంది కుటుంబసభ్యులతో గేమ్‌ల సంపుటిని పంచుకునే సౌకర్యం, ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక డిస్క్ లేకుండానే ఆడే వీలు కూడా పాత నిబంధనలతో పాటే రద్దయ్యాయి. ఆ ఆలోచన కాలానికి ముందే వచ్చిందని వాదించే అభిమానులు నేటికీ ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే లాభాలను వివరించకుండా నిషేధాలను మాత్రం ముందుంచింది సంస్థే.

తొలి ముద్ర ఖరీదు

2013 నవంబరులో వారం వ్యవధిలో విడుదలైన రెండు కన్సోళ్లూ తొలి రోజే పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. తేడా ఆ తర్వాత బయటపడింది. 2014 ఫిబ్రవరి 4న హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. మార్చి చివర్లో ఎక్స్‌బాక్స్ బాధ్యతలు ఫిల్ స్పెన్సర్ చేతికి వచ్చాయి. జూన్ 9 నుంచి కైనెక్ట్ లేని కన్సోల్‌ను 399 డాలర్లకే అమ్మడం మొదలుపెట్టారు. అయినా అంతరం పూడలేదు. ప్లేస్టేషన్ 4 అమ్మకాలు 11.7 కోట్లు దాటాయి. 2015 తర్వాత మైక్రోసాఫ్ట్ కన్సోల్ అమ్మకాల సంఖ్యలు చెప్పడమే మానేసింది. ఆ తరంలో సోనీ తమకంటే రెట్టింపునకు పైగా అమ్మిందని 2022లో బ్రెజిల్ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లో అంగీకరించింది.

ఓడిపోకూడని తరంలో ఓడిపోయామని స్పెన్సర్ 2023లో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ప్రజలు తమ డిజిటల్ గేమ్‌ల సేకరణను కూడబెట్టుకున్నది ఆ తరంలోనే అని ఆయన వివరణ. ఒకచోట వంద గేమ్‌లు కొన్నవారు మరోచోటికి సులువుగా వెళ్లలేరు. అంటే 2013లో ఆంక్షలతో సాధించాలనుకున్న కట్టుబాటు తర్వాత అలవాటు రూపంలో దానంతటదే ఏర్పడింది. దాని ఫలం మాత్రం పోటీదారుకు దక్కింది.

భారత్‌కు ఇందులో ఏం పని?

ఎక్స్‌బాక్స్ వన్ తొలి విడత కోసం 2013లో ప్రకటించిన 21 దేశాల జాబితాలో భారత్ లేదు. ప్లేస్టేషన్ 4 ఇక్కడికి 2014 జనవరి 6న 39,990 రూపాయల ధరతో రాగా, ఎక్స్‌బాక్స్ వన్ అదే ఏడాది సెప్టెంబరు 23 వరకు రాలేదు. అప్పటికి జియో రాక ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. చవక డేటా లేని ఆ కాలంలో రోజుకొకసారి సర్వర్‌కు హాజరు వేయించుకోవాలన్న నిబంధన ఇక్కడి చాలా ఇళ్లకు పొసిగేది కాదు.

అంతకంటే ముఖ్యమైనది చేతులు మారే డిస్క్. కొత్త గేమ్‌కు మూడు నాలుగు వేల రూపాయలు పెట్టాల్సిన దేశంలో, ఒకటి పూర్తిచేసి దాన్ని ఇచ్చి మరొకటి తెచ్చుకోవడమే విద్యార్థులకు, మధ్యతరగతి కుటుంబాల పిల్లలకు అందుబాటులో ఉన్న మార్గం. దిల్లీలోని పాలికా బజార్ వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ గేమ్‌ల వ్యాపారం నడిచింది ఈ అవసరం మీదే. అన్నయ్య ఆడిన డిస్క్ తమ్ముడికి, తమ్ముడి నుంచి పక్కింటి మిత్రుడికి వెళ్లే ఈ ఏర్పాటు రెడ్‌మండ్ లెక్కల్లో లేదు. అక్కడ జరిగిన పోరాటంలో ఇక్కడివారి గొంతు పెద్దగా వినిపించకపోయినా, గెలుపు ఫలితం మాత్రం వీరికీ అందింది.

గెలిచింది ఎంతవరకు?

నాడు ఆజ్ఞగా వచ్చినప్పుడు తిరస్కరించిన దాన్ని, తర్వాత సౌకర్యంగా వచ్చినప్పుడు అందరూ స్వీకరించారు. 2017లో ‘గేమ్ పాస్’ చందా విధానం మొదలైంది. 2020లో డిస్క్ డ్రైవ్ లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ వచ్చాయి. 2024 నవంబరులో వచ్చిన ఖరీదైన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్క్ డ్రైవ్ విడిగా కొనుక్కోవాల్సిందే. 2025 జూన్‌లో విడుదలైన నింటెండో స్విచ్ 2లోని కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. వాటిని తిరిగి అమ్ముకోవచ్చన్నది ఊరట. కానీ డౌన్‌లోడ్ కోసం సర్వర్ బతికి ఉండాలి.

డిజిటల్‌గా కొన్న గేమ్‌ను తిరిగి అమ్మలేం, మిత్రుడి చేతిలో పెట్టలేం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతలోని రెండు సగాలూ ఇక్కడ నిజమయ్యాయి. అమెరికాలో గేమ్ పాస్ అల్టిమేట్ నెల చందా 2025 అక్టోబరులో 19.99 డాలర్ల నుంచి 29.99 డాలర్లకు పెరిగింది. అందుకు ఒప్పుకోక చందా ఆపేసినవారి దగ్గర అందులోని గేమ్‌లేవీ మిగలవు.

యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ గేమ్ సర్వర్లను 2024 మార్చి చివర్లో మూసివేసింది. పూర్తి ధర చెల్లించి కొన్నవారు కూడా దాన్ని ఆడలేకపోయారు. దీనికి నిరసనగా మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం ఐరోపా పౌరుల వినతికి 10 లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. ఇస్తున్నది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టం చేయకుండా ‘కొనండి’ అనకూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. భారత్‌లో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దృష్టి ప్రధానంగా డబ్బు పందేల మీద ఉంది. డబ్బిచ్చి కొన్న గేమ్ ఎవరిదన్న ప్రశ్న ఇక్కడి ప్రధాన చర్చలోకి ఇంకా రాలేదు.

2013ను తలచుకునే అభిమానులు సాధారణంగా ‘టీవీ’ మాటల వీడియో చూసి నవ్వుకుంటారు, సోనీ డిస్క్ వీడియో చూసి మురిసిపోతారు. ఆ ఏడాది వారికి దక్కిన బలం మూడు అంశాల నుంచి వచ్చింది. నిబంధన కంటికి కనిపించింది, దాన్ని కాదనే పోటీదారు ఎదురుగా ఉన్నాడు, ఇంకా డబ్బు చేతులు మారలేదు. నేటి మార్పులు ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా, తక్కువ ధర వెంట వస్తున్నాయి. అన్ని సంస్థలూ దాదాపు ఒకే దిశలో కదులుతున్నాయి. పైగా ఆక్షేపించాలనుకునేవారి గేమ్‌లన్నీ ఇప్పటికే ఆ సంస్థల ఖాతాల్లో ఉన్నాయి. అందుకే నాడు నెల తిరగకముందే సాధించిన విజయాన్ని నిలబెట్టుకోవడానికి నేడు చట్టసభల తలుపు తట్టాల్సి వస్తోంది.