ఒక్క కమాండే కదా!

గుర్‌గావ్, నోయిడా ఆఫీసుల్లో మెయిన్‌ఫ్రేమ్ పని చేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "ఫైల్లో ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టడమేగా? ఒక్క కమాండే కదా, సాయంత్రానికి అయిపోవాలి." పైగా ఆ పని కొత్తగా చేరిన కుర్రాడికి అప్పజెబుతారు, నేర్చుకుంటాడని. మేనేజర్లే కాదు, తలపండిన ప్రోగ్రామర్లు కూడా ఇలాగే అనుకుంటారు. శుద్ధ తప్పు.

గుర్‌గావ్ పేరే తీసుకుందాం. గుర్‌గావ్‌ని గురుగ్రామ్ చేస్తున్నట్టు హర్యానా ప్రభుత్వం 2016 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇంగ్లీషులో పాత పేరు ఏడక్షరాలు, కొత్తది ఎనిమిది. కాగితం మీద ఆ ఒక్క అక్షరాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ మెయిన్‌ఫ్రేమ్ ఫైల్లో ప్రతి రికార్డూ కొలిచి కోసింది: ఫలానా బైటు నుంచి పిన్‌కోడ్, ఫలానా బైటు నుంచి బ్యాలెన్సు. ఫైళ్లను దిద్దే డీఎఫ్‌సార్ట్‌లో ఊరికే ఫైండ్‌రెప్ (వెతికి మార్చే కమాండు) రాసి వదిలితే పేరు వెనకున్నదంతా ఒక బైటు కుడికి జరుగుతుంది. రికార్డు చివర అక్షరాలుంటే జాబ్ ఆగిపోతుంది, అది అదృష్టం. ఖాళీలుంటే అవి ఆ బైటును మింగేస్తాయి. రిటర్న్ కోడ్ సున్నా. అందరూ ఇళ్లకు పోతారు. 122001 అన్న పిన్‌కోడ్‌లో చివరి 1 మాత్రం పక్క ఫీల్డులోకి వెళ్లి కూర్చుంటుంది.

అంకెల దగ్గర ఇంకా ఘోరం. "ఖాళీలన్నీ సున్నాలు చేసెయ్" అని ఎంత తేలిగ్గా చెబుతారో! 12,405 రూపాయలను ప్యాక్డ్ డెసిమల్‌లో దాచిన మూడు బైట్లను హెక్స్ ఆన్ చేసి చూడండి: 12, 40, 5సి. మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతమైన ఎబ్సిడిక్‌లో ఖాళీకి గుర్తు సరిగ్గా ఆ 40యే. కమాండుకు రూపాయలు తెలియవు, బైట్లే తెలుసు. నడిమి 40 పోయి, సున్నా అక్షరానికి గుర్తైన ఎఫ్0 వచ్చి కూర్చుంటుంది. రాత్రి బ్యాచ్‌లో ఆ మొత్తాన్ని కూడబోయిన కోబాల్ ప్రోగ్రాం చెడ్డ డేటాకు వచ్చే సాక్ సెవెన్ ఎర్రర్‌తో కూలుతుంది. తెల్లవారుజామున ఫోను మోగేది ఆ కుర్రాడి ఇంట్లోనే.

"జాగ్రత్తగా చేస్తే సరి" అంటారు. బైట్లు జరక్కుండా చూసుకున్నారనే అనుకుందాం. ఏ గుర్‌గావ్‌ని మార్చాలి? గుర్‌గావ్ గ్రామీణ్ బ్యాంక్ 2013లోనే విలీనమైంది. దాని పాత లావాదేవీల్లో గురుగ్రామ్ అని దిద్దితే ఎన్నడూ లేని బ్యాంకును పుట్టించినట్టే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కూడా ఆ నియోజకవర్గం పేరు గుర్‌గావే. మనవైపు చూస్తే, తెలంగాణ బండ్ల నంబర్లకు 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది, అదీ కొత్త బండ్లకే. ఆ రెండక్షరాలను ఫైలంతా మార్చమని చెప్పి చూడండి: పాత నంబర్లు చెడటం అటుంచి, చిరునామాల్లో ఇంగ్లీషులో ఉన్న ప్రతి ‘అపార్ట్‌మెంట్స్’ ఢిల్లీ మర్యాద నేర్చుకుని ‘అపార్ట్‌మెంట్ జీ’ అయిపోతుంది.

ఇదంతా పాత యంత్రం జబ్బని కొందరి వాదన. కానీ అపార్ట్‌మెంట్ జీ ఎక్సెల్‌లోనూ పుడుతుంది. నిజానికి మెయిన్‌ఫ్రేమ్‌లోనే మందు కూడా ఉంది: ఊరి ఫీల్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రికార్డు అమరిక రాసి ఉండే కాపీబుక్‌లో చూసి, ఆ ఫీల్డులో ఆ పేరు మాత్రమే ఉన్నప్పుడు ఇఫ్‌దెన్ షరతుతో పట్టుకుని, దాని మీదే ఓవర్‌లే చెయ్యడం. వెనకున్నది ఒక్క బైటు కూడా కదలదు. జాబ్‌లను నడిపే జేసీఎల్ లైబ్రరీలో డేటాసెట్ పేరు మార్చాలంటే చేంజ్ ఆల్ కొట్టుకోండి, నాకు పేచీ లేదు. అది మనుషులు చదివే రాత, ఈ రికార్డులు డేటా.

కమాండుకు పట్టేది ఒక్క నిమిషమేనని నేనూ ఒప్పుకుంటాను. అంచనా వెయ్యాల్సింది కాపీబుక్ వెతకడానికి, ఎన్ని రికార్డులు దొరికాయో ముందే లెక్కపెట్టడానికి, వాటిలో మార్చకూడనివి ఏవో వ్యాపారం తెలిసినవాళ్లను అడగడానికి, మార్చాక పాత ఫైలుతో పోల్చడానికి. వీటికోసం రెండు రోజులు అడిగిన కుర్రాణ్ణే మన ఆఫీసుల్లో "స్లో" అంటున్నారు.