ఆటకు లెక్క వ్రాసెడి కోడలికి కానుక

"మా కోడలి పుట్టినదినము వచ్చుచున్నది. చీరలు చాలినన్ని యున్నవి. నగలయెడ నామెకు మక్కువ లేదు. పదునైదు దినముల కొకసారి యాదివారమునాడు మిత్రులైదుగురితో బల్లచుట్టును గూర్చుండి యేదో కథల యాట యాడును. అందు జరిగినదంతయు వ్రాసిపెట్టు పని యామెదే. ఆ పనికి బనికివచ్చు కానుక యీయవలెనని నా కోరిక. ఏమి కొనవలయును?" అని హైదరాబాదునుండి యొక సోదరి వ్రాసిరి. అత్తగారు కోడలి యాటను గూర్చి యింత శ్రద్ధతో విచారించుట మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. కావున నీ నెల యీ శీర్షికను ఆ ప్రశ్నకే వినియోగించుచున్నాము.

ఈ యాట నెరుగని సోదరీమణులకు రెండు మాటలు. దీనికి మూలమైన "డంజియన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆటను గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసను అను నిరువురు అమెరికాలో 1974వ సంవత్సరమున కూర్చి ప్రకటించిరి. ఇందొకరు సూత్రధారి, తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఎదుట నున్నది చీకటిగుహ యని సూత్రధారి చెప్పును. లోనికి బోవుదమా, దివిటీ వెలిగింతమా యని పాత్రలవారు తామే నిశ్చయించుకొందురు. ఆ తెగింపు ఫలించినదో లేదో పాచికలు తేల్చును. వానిలో నిరువది ముఖములు గలది ముఖ్యమైనది. పేకాటవలె నొకరు గెలిచి యొకరు ఓడుట లేదు. కథ యొక్క పూటలో ముగియదు. ఏండ్లతరబడి సాగునవియు గలవు.

అందువలననే వ్రాతకు బ్రాధాన్యము. ఏ గ్రామమున నెవరికి మాట యిచ్చిరి, సంచిలో నెన్ని బంగారునాణెములు మిగిలినవి, తెరువక విడిచిన తలుపేది, యను సంగతులు పదునైదు దినములు గడచునప్పటి కొక్కొక్కరికి నొక్కొక్క విధముగ జ్ఞాపకముండును. గైగాక్సు సూత్రధారులకై వ్రాసి 1979లో ప్రకటించిన గ్రంథమున, కథలోని దినముల లెక్కను ఖచ్చితముగ వ్రాసియుంచుట యెంత యవసరమో నొక్కి చెప్పెను. 1981 నాటి ప్రారంభకుల పుస్తకములో గుహల పటము గీయు పనిని ఒక ఆటగానికి బ్రత్యేకించిరి. జపానులో నొక బృందము తా మాడిన యాటను సంభాషణలతో సహా వ్రాసి 1986 నుండి "కాంప్టిక్" అను పత్రికలో బ్రకటింపగా, నదియే పిమ్మట "రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్" అను నవలలకు మూలమయ్యెను. వ్రాసినవారు లేకున్న నా కథ యా బల్లయొద్దనే యణగిపోయెడిది.

ఇక కానుక సంగతి. అంగడికి బోవుటకు ముందొక విషయము తెలిసికొనవలయును. ఆ పని యామె కోరి చేయుచున్నదా? పెండ్లిలో చదివింపులు వ్రాయువారి నెరుగుదుము గదా! పందిటిలో నొకమూల గూర్చుండి యెవరెంత చదివించిరో వ్రాయుచుండగనే మొదటిబంతి లేచిపోవును. ఈ యాటలోను నంతే. తన పాత్ర పలుకవలసిన తరుణమున నామె వెనుకటి మాట వ్రాయుట ముగించుచుండును. పైగా "అమ్మాయి గదా, దస్తూరి బాగుండును" అని మగపిల్లలు కలమును మెల్లగ నామె వైపునకు ద్రోయుటయు గలదు. ఇంట పాలలెక్కయు, ఇస్త్రీబట్టల పద్దును ఎవరి వంతునకు వచ్చినవో మనకు దెలియనిది కాదు. అట్లు నెత్తిన బడిన పనియైనచో, అందమైన పుస్తకమును గానుకగా నిచ్చుట "ఇకముందును నీవే వ్రాయుము" అని యాజ్ఞాపించుటయే. అట్టిచో బుస్తకము కొనవలదు. మంచి పాచికల జత కొనుడు. వంతులు వేసికొని వ్రాయుడని మిత్రులతో జెప్పుట కోడలి పని. అత్తగా రందు జోక్యము కలిగించుకొనరాదు.

కనుగొనుట కష్టము కాదు. ఆట ముగిసిన మరునాడు "నిన్న నేమి జరిగినదమ్మా?" యని యడుగుడు. తానై పుస్తకము తెచ్చి చదివి వినిపించినచో నామెకు వ్రాత ప్రియమైనదే.

అప్పుడు నిశ్చింతగా బుస్తకము కొనవచ్చును. తోలు అట్ట, ఇత్తడి గొళ్లెము, అంచులు చింపినట్లుండు మందపు కాగితము, ఇట్టి పురాతన గ్రంథవేషముతో నమ్మునవి యంగళ్లలో జాల గలవు. చూడ ముచ్చటయే. కాని యట్టిదానిలో గొట్టివేతలతో, వంకరవ్రాతతో మొదలుపెట్టుటకు జేయి రాదు. అది యలమారులోనే యుండిపోవును. ఆటలో వ్రాయునది తొందరవ్రాత. కావున దెరచినప్పుడు బల్లమీద జదునుగ బరచుకొను కుట్టుబైండు పుస్తకము మేలు. జిగురుతో మాత్రమే యంటించినది చేయి తీయగనే మూసికొనును. సిరాకలముతో వ్రాయునామెయైనచో ఆ కాగితముపై నొక చుక్క పెట్టి వెనుకవైపు చూడవలయును. సిరా దిగినచో రెండవ ప్రక్క వ్యర్థము. పూటకు నాలుగు పుటల చొప్పున నేడాదికి 26 పూటలకు 104 పుటలగును. రెండువందల పుటల పుస్తకము రెండేండ్లకు గొంచెము తక్కువగ వచ్చును. అంతకు లావైనది సంచికి బరువు. పటములకు వేరుగ గళ్లకాగితపు పుస్తకమును, క్షణక్షణము మారు లెక్కలకు బెన్సిలును, రబ్బరును జేర్చినచో జాలును.

కలమే యీయదలచితిరా, రాజమహేంద్రవరమున 1932 నుండి రత్నం పెన్నులు చేతితో జేయుచున్నారు. గట్టిరబ్బరుతో జేసిన యా కలము చేతికి హాయిగ నుండును. కాని డ్రాపరుతో సిరా పోసికొను కలములలో సిరా తగ్గినకొలది, చేతివేడికి లోనిగాలి యుబ్బి, పాళీనుండి బొట్టు జారుట గలదు. కావున నాటకు బోవునప్పుడు నిండుగ బోసికొనుమని చెప్పుడు.

కొందరు ఫోనులోనో కంప్యూటరులోనో వ్రాసికొందురు. మీ కోడలును నట్లే చేయుచున్నచో బైవి యన్నియు మరచిపొండు.

మా కన్నిటికంటె నచ్చిన కానుక వేరొకటి గలదు. ఇంతవరకు నామె వ్రాసిన పాత నోటుబుక్కులను, విడికాగితములను వరుసగ జేర్చి గుడ్డబైండు చేయింపుడు. ఫోనులో నున్నదైనను నచ్చు వేయించి కుట్టింపవచ్చును. వెన్నుపై నా కథపేరును సంవత్సరమును వేయింపుడు. మొదట నాలుగు ఖాళీపుటలు విడిచినచో, మిత్రులైదుగురును తమ పాత్రల పేర్లతో సంతకములు చేయగలరు. అయితే యామె కాశ్చర్యము కలిగింపవలెనని చెప్పక తీసికొనిపోవలదు. బైండు చేయువారు పది దినము లనిన నిరువది దినములగుట మన మెరిగినదే. నడుమ నాదివారము వచ్చినచో, తలుపు వెనుక నేమున్నదో వ్రాసిన పుస్తకము బైండరు దుకాణములో నుండును, ఆరుగురును బల్లయొద్ద నుందురు.