కొత్తావకాయకు రుచి చెప్పుట



మహాశివరాత్రినాటి బాలయోగి తీర్థము ముగిసినది మొదలు మా ముమ్మిడివరమున ఆడువారి మాటలన్నియు ఆవలమీదికిని, మిరపకాయలమీదికిని తిరుగును. గుంటూరు కాయ ఎవరు తెప్పించిరి, గానుగనూనె ఎవరింటికి వచ్చినది, కొత్తపల్లి కొబ్బరి యీ యేడు కాచినదా లేదా యను విచారము పెరటిగోడల కిరుప్రక్కల జరుగుచుండును. కోనసీమలో కొబ్బరికి కొదువ లేదు గాని, ఆవకాయకు వలయు గట్టి పుల్లకాయ చాలవరకు మెట్టసీమనుండియే రావలెను. కాయ దిగిన పదునైదు దినములలో వీధి యంతయు ఆవఘాటు క్రమ్ముకొనును. జాడీలకు వాసెనలు కట్టిన మూడవనాడు తిరుగగలిపి, ఆనాడే చిన్న చిన్న గిన్నెలతో కొత్తావకాయ ఇంటింటికి బయలుదేరును.

ఈ నెల నేను వ్రాయదలచినది ఆ గిన్నెలను గూర్చియే. ఆవకాయ పెట్టు విధము మీలో తెలియనివారు లేరు. గిన్నె పుచ్చుకొన్నవారు చేయవలసిన దేమి యనుట మాత్రము ఎవ్వరును ఆలోచించుట లేదు.

వచ్చిన గిన్నెను వట్టిదిగా పంపరాదు. తిరిగి పోవునప్పుడు అందులో తమ యింటి ఆవకాయయో, అది యింకను పెట్టనిచో నాలుగు ములగకాడలో, కొట్టిన పనసపొట్టో, ఏమియు లేకున్న గుప్పెడు పంచదారయో ఉండవలెను. ఈ మర్యాదను మా ప్రాంతమున లేనివారును తప్పరు. కాని గిన్నెతోబాటు తిరిగిపోవు మాట యొకటి కలదు గదా! అది మాత్రము వట్టిగనే పోవుచున్నది. "చాలా బాగుందండీ వదినగారూ, మావారు మరో ముద్ద కలుపుకున్నారు." ఇంతే. ఉప్పు చాలనిదానికిని ఇదే మాట, నూనె కనరెత్తినదానికిని ఇదే మాట, నిజముగా అమృతమువలె నున్నదానికిని ఇదే మాట. ఇట్లయినచో బాగుగా పెట్టినవారికి దక్కిన దేమి?

ఇది నోటి మర్యాదయే గదా, దీనివలన నష్టమేమి యని మీరడుగవచ్చును. నాలుగేండ్ల క్రిందట మా వీధిలో నొక యిల్లాలు, పెనిమిటి చేయుచున్న చిన్న వ్యాపారము దెబ్బతినగా, ఆవకాయ పెట్టి అమ్మవలెనని తలచినది. అంతకుముందు మూడేండ్లుగా ఆమె గిన్నెకు వీధిలో అందరును మెచ్చుకోలు పంపుచుండిరి. ఆ మాటలు నమ్మి, చెవుల దుద్దులు తాకట్టు పెట్టి, మూడువందల కాయలు కొన్నది. ఆషాఢము వెళ్లి శ్రావణము వచ్చుసరికి జాడీలపై తెల్లని బూజు పట్టి, ముక్క మెత్తబడి, కొన్నవారు తిరిగి తెచ్చి యిచ్చిరి. కారణము ఉప్పు. ఆ యింట రక్తపుపోటు కలవారుండుటచే ఆమె కొన్నేండ్లుగా పాలు తగ్గించి పెట్టుచుండెను. ఇంటి జాడీ రెండు నెలలలో ఖాళీ యగుచుండెను గాన లోపము బయటపడలేదు. వానకాలమంతయు నిలువవలసిన సరకునందు పడినది. ఆ యేడు నేను పుట్టింట నుండుటచే ఆ గిన్నె నాకు రాలేదు. వచ్చినవారిలో నొకామె తరువాత నాతో చెప్పిన మాట యిది: "నాకు మొదటి ముద్దలోనే తెలిసిందండీ. పాపం, ఎందుకు చెప్పడమని ఊరుకున్నాను." ఆ జాలి ఖరీదు రెండు దుద్దులు.

పరదేశములవారి సంగతి యొకటి చెప్పెదను. సారాయి ముచ్చట యని ముఖము త్రిప్పుకొనకుడు. 1992లో నెల్లూరుసీమ దూబగుంటలో సారా దుకాణముపై తిరుగబడిన స్త్రీల వారసులము మనము. 1995లో వచ్చి 1997లో సడలిన మద్యనిషేధమును చూచినవారము. ఆ పేరే మనకు కిట్టదు. నేడు మన రాష్ట్రమున అనుమతి లేక ఇంట మద్యము చేయుట నేరము కూడ. అయినను ఇంట పులియబెట్టు విద్య మన దేశమునకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో, కుటుంబములవారు శుభకార్యములందు తెల్లసురను, ఔషధమునకై అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని యున్నది. అమెరికాలో 1978లో ప్రెసిడెంటు కార్టరు సంతకము చేసిన చట్టమును బట్టి, ఇద్దరు పెద్దవారున్న యింట ఏటికి 200 గాలన్లవరకు ద్రాక్షాసవము, అనగా వైను, సుంకము లేక చేసికొనవచ్చును, అమ్మరాదు. అమ్మరాదు గనుక పంచుకొందురు. తలయొక సీసా తెచ్చి, ఒకరిది ఒకరు రుచి చూచి, పులుపెక్కినదని, పీపా వాసన పట్టినదని నిర్మొగమాటముగ చెప్పుకొందురట. ఆ చెప్పుటకే కూడుదురు. మన వదినగారి మాట అచట చెల్లదు.

ఇంకొక విశేషము. 1976 మే 24వ తేదీని పారిస్ నగరమున, స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుడు ఫ్రెంచి వైనులను, కాలిఫోర్నియా వైనులను ప్రక్కప్రక్కల పెట్టి, సీసాల పేరులు కప్పివేసి, ఫ్రెంచి పరీక్షకులచేత రుచి చూపించెను. తెలుపునందును, ఎరుపునందును గూడ కాలిఫోర్నియాదియే మొదటిదిగా వచ్చినది. పేరు కనబడియున్నచో అట్లు జరిగియుండునా? నాలుక రుచి చూచునప్పుడు కన్ను పేరు చదువుచుండును. చదివినదానినే నాలుక ఒప్పుకొనును. మన వీధులలోను అంతియే. పెద్దింటి ఆవకాయ యనగనే సగము రుచి వచ్చివేయును.

దుద్దుల సంగతి జరిగిన మరుసటి యేడు మేమేడుగురము కూడి ఒక యేర్పాటు చేసికొంటిమి. ఏడు గిన్నెలు ఒక్కతీరువి. పదవ తరగతి చదువు నొక బాలిక అడుగున అంకెలు వేసి, ఏ గిన్నె ఎవరిదో తాను మాత్రము వ్రాసి దాచుకొన్నది. మూడవనాడు గాక, ఏరువాక పున్నమకు కూడితిమి. కొత్తావకాయకు ఆవ చేదు విరుగక, పులుపు పిండిలోనికి దిగక, అన్నియు నించుమించు ఒకటే తీరుగ నుండును. నెల గడచినగాని గుణము గాని దోషము గాని తెలియదు. గోరువెచ్చని అన్నము చిన్న ముద్దలుగ చేసి, నెయ్యి వేయక, మొదట పిండి, పిదప ముక్క. నెయ్యి దోషములను కప్పును. ముద్దకు ముద్దకు నడుమ మంచినీరు త్రాగరాదు, మజ్జిగ త్రాగవలెను. మిరపలోని మండు పదార్థము నీట కరగదు. పాలలోని మాంసకృత్తు దానిని పట్టుకొని పోవును. నాలుగు గిన్నెలైన పిమ్మట నాలుక మొద్దుబారును గాన కొంతసేపు విశ్రమించి తక్కినవి చూచితిమి. వైను పరీక్షకులు నోట పుక్కిలించి ఉమియుదురట. ఆవకాయన్నమును ఉమియుమనిన మా పిన్నిగారు లేచిపోయియుండెడివారు.

నియమ మొక్కటే: ప్రతి గిన్నెకు ఒక గుణము, ఒక దోషము తప్పక చెప్పవలెను. దోషమునకు కారణము తోచినచో అదియు చెప్పవలెను.

రెండవ గిన్నెలో ఆవ యున్నదిగాని ఘాటు లేదు. వేయించినారని పిన్నిగారు వెంటనే పట్టిరి. ఆవగింజలో ఘాటు పుట్టుకతో నుండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందలి యొక ద్రవ్యము మరియొకదానిపై పనిచేసి ఘాటును పుట్టించును. వేయించినచో ఆ పనిచేయు ద్రవ్యము చచ్చును; ఇక ఎంత పిండి పోసినను ముక్కున కెక్కదు. ఎండబెట్టి దంపుటయే మేలు. నాలుగవ గిన్నెలో నూనె తక్కువ. ముక్క పైకి తేలియున్నది. పైని నూనె నిలువనిచో గాలి తగిలి బూజు కెడమిచ్చినట్లే.

ఐదవ గిన్నెకడ చిక్కు వచ్చినది. పాళ్లు దివ్యముగ కుదిరినవి గాని ముక్క మెత్తబడి టెంకనుండి ఊడుచుండెను. ఐదుగురు అదే దోషము చెప్పిరి. బాలిక చీటి విప్పి పేరు చదువగనే ఒక నిమిషము ఎవ్వరును మాటాడలేదు. ఇరువదియేండ్లుగా వీధి వీధంతయు మెచ్చుకొన్న చేయి అది, మాలో పెద్దామె. ఆమె మజ్జిగగ్లాసు క్రింద పెట్టి, "టెంక ముదరలేదని నాకూ తెలుసులేవే. కాయ కొన్నది మీ బాబయ్యగారు" అనెను. అందరును నవ్విరి. టెంక కత్తికి కరకరలాడినప్పుడే కాయ ఆవకాయకు వచ్చినదని గురుతు. లేనిచో ఎన్ని పాళ్లు కుదిరినను ముక్క నిలువదు.

దుద్దులు పోగొట్టుకొన్న యామెయు ఆనాడు వచ్చినది. ఆరవ గిన్నె ఆమెది. ఉప్పు సరిపోయినదని ఏడుగురిలో ఆరుగురు వేరువేరుగ చెప్పిరి. పేరు తెలియక చెప్పిన మాట గనుక ఆమె నమ్మినది. కారము రంగు చాలలేదని కూడ చెప్పిరి, అదియు నమ్మినది. ఇప్పుడామె ఏటికి ఏబది కాయలకు మించి పెట్టదు. అమ్ముటకు పూర్వము మాకు చూపును. దుద్దు లింకను విడిపింపబడలేదు.

ఉప్పును గూర్చి కొంచెము విస్తరింపవలసియున్నది. మా యింట 5 కిలోల ముక్కకు కిలో ఆవపిండి, కిలో కారము, 900 గ్రాముల ఉప్పు, 2 లీటర్ల నువ్వులనూనె. ఈ లెక్కన 20 గ్రాముల ఆవకాయలో రమారమి 2 గ్రాముల ఉప్పుండును. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు తక్కువగ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కావున రక్తపుపోటు కలవారు విస్తరిలోని ముక్కను తగ్గించుకొనవలెను గాని జాడీలోని ఉప్పును గాదు. జాడీలో ఉప్పు రుచికి మాత్రమే గాదు, కావలికి. కావలివానిని సగము జీతమున కుంచినచో ఏమగునో ఆ శ్రావణమున చూచితిమి.

మరియొక మోసము కొలతలో నున్నది. పూర్వులు తవ్వలతో, సోలలతో కొలిచిరి. ఎండబెట్టి కచ్చాపచ్చాగ దంచిన కల్లుప్పు వాడిరి. ఆ సోలతోనే నేడు సంచిలోని మెత్తని ఉప్పు కొలిచినచో తూకమున నెక్కువ పడును, పచ్చడి కటికయుప్పగును. అప్పుడు బెదరి, మరుసటి యేడు సగము చేసి, బూజు తెచ్చుకొందురు. కొలత విడిచి తూకమునకు రండు.

"అమ్మమ్మగారి పాళ్లు మార్చగూడదు" అని యొకామె నాతో వాదించినది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనములు వర్ణింపబడినవి. వేసవిలో వడపిందెలు, సీతున ముక్కుమండు ఆవపచ్చళ్లు, ఊరుగాయలు, కూరలకు మిరియపుపొడి అందున్నవి. మిరపకారము లేదు. ఉండుటకు వీలును లేదు; మిరపకాయ పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారివెంట మన దేశమునకు దిగినది. అమ్మమ్మగారి అమ్మమ్మ లెవరో ఒకనాడు మిరియము విడిచి మిరపకు వచ్చిరి గదా! ఆనాడును గోడ కావలినుండి ఎవరో ఒకరు నిజము చెప్పియే యుందురు.

చెప్పుటలో మెలకువ వలయును. గిన్నె తెచ్చిన చిన్నపిల్ల యెదుట చెప్పరాదు. అది మాటను మార్చి మోసికొనిపోవును. అత్తగారి యెదుట కోడలి పచ్చడికి వంక పెట్టరాదు. కొత్తగా కాపురమునకు వచ్చినదానికి మొదటి యేడు గుణము రెండింతలు, దోషము సగము చెప్పవలెను. కాని ఆ సగమైనను చెప్పవలెను.

ఈ యేటికి మాకొక పేచీ వచ్చిపడినది. ఒక యింట అత్తగారును కోడలును వేరువేరుగ గిన్నెలు పెట్టవచ్చునా యని. ఇంటి కొక గిన్నె యని కొందరు, చేతి కొక గిన్నె యని కొందరు. అత్తగారు, "మా యింట్లో జాడీ ఒకటేనండీ" అనుచున్నారు. ఏరువాక పున్నమలోపల తేల్చవలెను. కోడలు మాత్రము ఏమియు ననక, మొన్న సంతలో ఒక చిన్న జాడీ వేరుగ కొని తెచ్చుకొన్నది.