బగ్గీ దర్జా - బీర్కూరు వెట్టి

ఇటీవల మనవారిలో పాతకాలపు ప్రయాణములపై మోహము హెచ్చుచున్నది. హైదరాబాదున చౌమహల్లా ప్రాసాదములో నిజాముల బగ్గీలకు మెఱుగుపెట్టి నిలిపియుంచినారు. చూడవచ్చినవారు వాని ముందు నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు. వరుని గుర్రపుబగ్గీపై నూరేగింపనిదే పెండ్లికి మర్యాద దక్కదను తలంపు నగరములు దాటి చిన్న యూళ్లకును ప్రాకినది. "ఆ దినములలో ఎంత తీరిక, ఎంత దర్జా!" అని నిట్టూర్చు వ్రాతలకును కొదువ లేదు. ఈ నిట్టూర్పులో నొక పెద్ద యబద్ధ మిమిడియున్నదని మా వాదము. గుర్రపుబండి యందమును మేము కాదనము. అది యెవరి వీపుమీద నడచెనో చెప్పక, దాని యందమును మాత్రము చెప్పుటను చరిత్ర యనరాదు. దానికి ముఖస్తుతి యని పేరు.

బగ్గీకి చక్రములు, గుర్రములు ఉన్నంతమాత్రమున ప్రయాణము సాగదు. దారిపొడవున మేత కావలెను, నీరు కావలెను, లాడము కొట్టువాడు, మాలీసు చేయువాడు, రాత్రి కాపుండువాడు కావలెను. అలసిన గుర్రమును విప్పి క్రొత్త గుర్రమును కట్టు తావులు కావలెను. ఇంగ్లండున 1784లో బ్రిస్టలునుండి లండనునకు తపాలాబండిని మొదటిసారి నడిపినప్పుడు, 16 గంటలలో నా దూరమును దాటగలుగుటకు కారణము గుర్రముల బలము మాత్రమే కాదు. ఇంచుమించు పది మైళ్ల కొక సత్రము, సత్రమున కొక గుర్రపుశాల, ఆ శాలకు గడ్డియు ధాన్యమును అమ్ము రైతు, వీరందఱికిని లెక్క ప్రకారము సొమ్ము ముట్టుచుండెను. అచ్చటను గుర్రములు చచ్చునట్లు తోలిరి. సాయీసులకు చాలీచాలని జీతములే యిచ్చిరి. అయినను గడ్డిమోపునకు ధర యుండెను. ధర చాలకున్న అమ్మనని చెప్పు నోరు రైతునకుండెను.

మన హైదరాబాదు నగరమునను టాంగావాడు, జట్కావాడు కిరాయి కుదుర్చుకొనియే బండి తోలెను. బేరము కుదరనిచో కళ్ళెము త్రిప్పుకొని పోయెను. వాని బ్రదుకు సుఖముగా నుండెనని మేము చెప్పము. కాని వాడు కూలి యడుగగల మనుష్యుడు. నగరపు సరిహద్దు దాటి జిల్లాలలో ప్రవేశించినప్పుడు ఈ లెక్క తలక్రిందులగును. అచ్చట అద్దెశాల లేదు, సత్రపు సాయీసు లేడు, మేతకు ధర లేదు. ఊరంతయు నొక గుర్రపుశాల. ఊరిలోని బీదజనులే దాని నౌకరులు.

బీర్కూరును తలంచుకొనుడు. మంజీర యొడ్డున, బాన్సువాడకు చేరువనున్న ఈ గ్రామము నేడు కామారెడ్డి జిల్లాలోనిది. నిజాముల కాలమున ఇందూరు, అనగా నిజామాబాదు జిల్లాకు చెందినది. మొదటి సాలారుజంగు 1865లో జిల్లాబందీ నేర్పరచి, తాలూక్‌దారులను, తహసీలుదారులను నియమించినది మొదలు, అధికారులు గ్రామములు తిరిగి చూచుట విధియైనది. 1901 నాటికి హైదరాబాదునుండి నిజామాబాదు మీదుగా మన్మాడువరకు రైలుదారి పూర్తియైనది. రైలు కామారెడ్డిలో దింపును. కాని ఎల్లారెడ్డికి, బాన్సువాడకు, బీర్కూరునకు పోవలసిన వానిని దింపినచోటనే విడిచిపోవును. ఆపై గుర్రము, బగ్గీ, మేనా, కచ్చడపుబండి. వీనిలో నెక్కువారు అధికారులు, దొరలు, వారి బంధువులు. దారిలోని పల్లెలకు ముందుగా కబురందును: ఫలానా దినమున మకాము, రసదు సిద్ధము చేయుడు!

రసదనగా నేమో లెక్కకట్టి చూతము. మధ్యరకపు గుర్రము దినమునకు సుమారు 8 కిలోల ఎండుమేత తినును. పచ్చిగడ్డియైనచో దానికి మూడురెట్లు కావలెను. పనిచేయు గుర్రమునకు ఉడికించిన ఉలవలు రెండు మూడు కిలోలు. నీరు ముప్పది లీటర్లకు తక్కువ చాలదు. బగ్గీకి రెండు, వెంట వచ్చు సిబ్బందికి రెండు గుర్రములుండెననుకొన్నను, ఒక్క దినపు మకామునకు దాదాపు నూరు కిలోల పచ్చిగడ్డి, నూటయిరువది లీటర్ల నీరు చేరవలెను. ఆ గడ్డి యెవరు కోసిరి? ఆ నీరెవరు మోసిరి? ఉలవలు ఎవని గాదెనుండి వచ్చెను? గడ్డియు కట్టెలును మోయుట మాల మాదిగలకు, కుండలు తెచ్చుట కుమ్మరికి, గుడ్డలుదుకుట చాకలికి, కాళ్లు పిసుకుట మంగలికి, మేనా మోయుట బెస్తలకు, బండియు నెడ్లును తోలుకొనివచ్చుట రైతునకు, తెలంగాణమున పలు పల్లెలలో కులమువారీగా పంచియిచ్చిన వెట్టి యిది. దొర కచ్చడమునకు ముందును వెనుకను పరుగెత్తుట మఱొక వెట్టి. ఎద్దులు అలసినచో నాగును. ముందు పరుగెత్తు మనుష్యుడు ఆగరాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటమును గూర్చి 1972లో ప్రకటించిన గ్రంథమున ఈ సేవల పట్టికను విపులముగా వ్రాసియున్నారు. తీరిక, దర్జా అని నిట్టూర్చువారు ఆ పుటలు తెఱచి చూతురు గాక.

ఇక వీరు చెప్పు సమాధానములను పరిశీలింతము. "ఆ కాలపు ఆచారమే యట్టిది, నేటి కండ్లతో నాటిని చూడరా"దని మొదటి సమాధానము. నాటి కండ్లకే యది యన్యాయముగా కనబడినది. 1921లో హైదరాబాదున ఆంధ్రజనసంఘము పుట్టగానే, మాడపాటి హనుమంతరావుగారును వారి సహచరులును చేపట్టిన తొలి పనులలో వెట్టిచాకిరికి విరుద్ధమైన ప్రచార మొకటి. ఆ సంవత్సరము జనవరిలోనే, ఎచ్చటనో హిమాలయపు కుమావూఁ సీమలో, దొరల సామానులు ఉచితముగా మోయుటకు విసిగిన జనులు బాగేశ్వరమున బద్రీదత్తపాండే మొదలైనవారి నాయకత్వమున గుమిగూడి, వెట్టి పద్దుపుస్తకములను సరయూనదిలో విసరివైచిరి. మంజీరకును సరయువునకును నడుమ వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున్నది. అయినను బరువు మోయువాని మెడకు నొప్పి యొక్కటే. నొప్పి తెలిసినవారు నాడే యఱచిరి. విననివారిని నాటి ఆచారము పేరు చెప్పి నేడు మనము వెనుకవేసికొనుట యెందులకు?

"గ్రామసేవకులకు ఇనాములుండెను, కల్లమువద్ద మేర ముట్టుచుండెను, కావున వెట్టి యుచితమైనది కా"దని రెండవ సమాధానము. ఇనాము, మేర గ్రామమునకు చేయు పనికి. దారిన పోవు ప్రతి బగ్గీకిని, ప్రతి మేనాకును, వాని సిబ్బందికిని, సిబ్బంది గుర్రములకును చేయు పనికి మేర యెవడిచ్చెను? మఱియొక మాట: కోతలనాడు కబురు వచ్చినచో రైతు తన చేను విడిచి బండి కట్టవలెను. ఆ దినమున రాలిపోయిన గింజకు ఏ యినాము బదులు? కాదనుటకు వీలులేని పనికి సేవ యని పేరు పెట్టుట, దోపిడికి దానమని పేరు పెట్టుటవంటిదే.

"కాలము మారినది, మోటారు వచ్చెను, వెట్టి పోయెను, ఇప్పుడు త్రవ్వుట యేల?" అని మూడవ సమాధానము. ఇదియే అన్నిటికంటె మోసకరమైనది. నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డురవాణా నారంభించిరి. యంత్రమే మనుష్యుని విడిపించునదైనచో ఆ దినమునుండి వెట్టి తగ్గవలసినది. తగ్గలేదు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1937లో మన నిజామాబాదునందే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆఱవది జరిగెను. బస్సులు నడచుచున్న ఆ యేండ్లలోను మహాసభవారు వెట్టిని గూర్చి మొఱపెట్టుకొనవలసియే వచ్చెను. 1940 తరువాతి దశాబ్దమున పల్లెజనులు తిరుగబడిన కారణములలో అది ముందు వరుసలో నున్నది. తుదకు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని పేరుపెట్టి నిషేధించినది. గుర్రము పోయి యంత్రము వచ్చుటచే మనుష్యునకు విడుదల కలుగలేదు. మోయనని చెప్పిన మనుష్యుడే తనకు విడుదల తెచ్చుకొనెను. ఈ సంగతి మఱచినవాడు రేపు క్రొత్త యంత్రము క్రింద క్రొత్త వెట్టి వచ్చినను గుర్తింపజాలడు.

అయినచో బగ్గీలను తగులబెట్టవలెనా? ఎంతమాత్రమును కాదు. వానిని చక్కగా కాపాడవలసినదే. చేసిన వడ్రంగి, కమ్మరుల నేర్పును పిల్లలకు చూపవలసినదే. కాని బగ్గీని చూపు ప్రతిచోటను దాని ప్రక్కనే మేనా మోసిన కొయ్యదండెను, గడ్డిమోపు కట్టిన త్రాటిని కూడ నుంచవలెను. వానిని మోసినవారి కూలి యెంతయో, అనగా సున్నయని, పెద్దయక్షరములతో వ్రాయవలెను. ఏనుగుదంతపు పిడి యెవరు చేసిరో చెప్పు పలక, ఉలవలు ఎవరి యింటినుండి వచ్చెనో కూడ చెప్పవలెను. అప్పుడది వస్తుప్రదర్శనము కాదు, విద్యాలయమగును.

పెండ్లిబగ్గీని గూర్చియు నొక్కమాట. దీపములు మిఱుమిట్లు గొల్పుచుండ, చెవులు పగులు వాద్యముల నడుమ, తారురోడ్డుపై జారుచున్న లాడములతో నిలువలేక నిలిచిన గుర్రమునకు నోరు లేదు; దాని కళ్ళెము పట్టి నడచువాడు భోజనపంక్తి ముగిసినదాక గేటువద్ద నిలుచును. తాతను మేనా క్రింద నిలిపినవారి దర్జాను, మనుమడు తన పెండ్లికి వేల రూపాయలు పోసి అద్దెకు తెచ్చుకొనుట కంటె వింత యేమున్నది? ఆ రూపాయలలో కొంత బీర్కూరు బడిలో నొక పుస్తకపు బీరువాకు వెచ్చించినచో ఊరేగింపునకంటె నెక్కువకాలము పేరు నిలుచును.

బీర్కూరు, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతముల యువజనులకు మా విన్నప మిది. మీ తాతలు, ముత్తాతలు ఎవని బండి ముందు పరుగెత్తిరో, ఎవని గుర్రమునకు గడ్డి కోసిరో, ఆ మాటలు మీ యిండ్లలో ఇంకను వినబడుచున్నవి, ముసలమ్మలు చెప్పుదురు. వానిని కాగితముపై పెట్టుడు. ఊరి పేరు, వీథి పేరు, చేసిన పని, దొరకని కూలి, అంతయు వ్రాయుడు. పనిచేసినది మీ పెద్దలు. సిగ్గుపడవలసినది పని చేయించుకొని కూలి యెగవేసినవారు. వ్రాయుటకు జంకకుడు. దొరల బగ్గీలకు ప్రాసాదములు కావలియున్నవి. మీ పెద్దల కాళ్లకు అంటిన దుమ్మునకు మీరు తప్ప కావలివా డెవడును లేడు.