బండిని కాదు, దారిని లేపుదాం



సింధనూరు, మాన్వి చుట్టుపక్కల మన క్యాంపుల్లో ఇప్పుడో కొత్త మోజు. వాన పడితే నల్లరేగడిలో దిగబడుతున్నాయని పికప్ బండ్లకు పెద్ద టైర్లు వేయిస్తున్నారు. అవి మడ్‌గార్డుకు రాసుకుంటుంటే, ముందువైపు టార్షన్ బార్ బోల్టు బిగించి బండిని పైకి లేపుతున్నారు.

ఇబ్బంది మాకూ తెలుసు. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న దారుల్లో మేమూ ఎన్నోసార్లు దిగబడినవాళ్లమే. కానీ బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుందే గాని బార్‌కు బలం రాదు. గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగే వీలు తగ్గి బండి ఎగిరెగిరి పడుతుంది. బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి. అలైన్‌మెంట్ తప్పి టైరు ఒక అంచే పోతుంది. టైరు నూటికి 5 వంతులు పెద్దదైతే మీటరు 60 చూపించినప్పుడు బండి 63లో పోతుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే.

నాట్ల రోజుల్లో ఆ బండి వెనక నిలబడి వచ్చేది మన పొలాల్లో పనిచేసే ఆడకూలీలు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడమే తప్పు, అదీ ఇలాంటి బండిలోనా? పైగా ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

ఇప్పటికే లేపినవాళ్లు బార్‌ను మళ్లీ పాత ఎత్తుకు దించి, కంపెనీ చెప్పిన సైజు టైర్లే వేసి, అలైన్‌మెంట్ చేయించండి. మిగతావాళ్లం ఆ ఖర్చు ఒకచోట వేసుకుని, పంచాయతీనీ అడిగి, దారికి మొరం తోలిద్దాం. వచ్చే సమావేశంలో ముందు ఈ మాటే మాట్లాడుకుందాం.