సముద్రపు ప్లాస్టిక్‌కు గణితం గాలం.. ఖాడీల లెక్క ఎక్కడ?

సూరత్ నైరుతి భాగంలోని ఆల్థాన్‌లో రోడ్డు మీద పడేసిన పాలిథిన్ సంచి సముద్రానికి ఏ దారిన వెళ్తుంది? సూరత్ అనగానే తాపీ నది గుర్తొస్తుంది. కానీ ఆ వైపు వాననీరు కంకరా ఖాడీ గుండా దక్షిణాన మిండోలా నదికి చేరి, అక్కడి నుంచి అరేబియా సముద్రంలో కలుస్తుంది. నగరం మధ్య నుంచి పారే వాగులను అక్కడ ఖాడీలంటారు. ప్రపంచ పటంలో వెతికినా దొరకని ఇలాంటి ప్రవాహాలే ఇప్పుడు ప్లాస్టిక్ లెక్కల్లో కీలకమయ్యాయి.

2017లో జర్మనీ పరిశోధకులు వేసిన అంచనా వేరు. నదుల ద్వారా సముద్రంలో పడే ప్లాస్టిక్‌లో 88 నుంచి 95 శాతం గంగ, సింధు సహా పది పెద్ద నదులదేనన్నారు. 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో వచ్చిన అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. 80 శాతం ప్లాస్టిక్‌కు వెయ్యికి పైగా నదులు కారణమని, వాటిలో నగరాల గుండా పారే చిన్న నదుల పాత్ర పెద్దదని తేల్చింది. దేశాల్లో ఫిలిప్పీన్స్ తర్వాతి స్థానం భారత్‌దే.

ఇందులో వాడిన గణితం అర్థం కానిదేమీ కాదు. చెత్త ఉన్న చోటు నుంచి గాలికో వానకో కదిలే అవకాశం ఎంత, కదిలింది నదిని చేరే అవకాశం ఎంత, నదిలో పడింది సముద్రం దాకా వెళ్లే అవకాశం ఎంత... ఈ మూడింటినీ గుణిస్తారు. ఊహకు 0.2, 0.5, 0.5 అనుకుంటే 100 కిలోల్లో 5 కిలోలు సముద్రంలో తేలతాయి. ఊరు తీరానికి, వాగుకు దగ్గరైతే, వాన కుండపోతగా పడితే ఆ అంకెలు పెరుగుతాయి. ఆల్థాన్‌కు ఇవన్నీ వర్తిస్తాయి.

చిక్కంతా మొదటి అంకెతోనే. అసలు ఎంత చెత్త బయట పడి ఉంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకారం 2020-21లో దేశంలో ఉత్పత్తైన ప్లాస్టిక్ వ్యర్థాలు సుమారు 41 లక్షల టన్నులు. 2024లో ‘నేచర్’లో వచ్చిన లీడ్స్ విశ్వవిద్యాలయ అధ్యయనం మాత్రం భారత్‌లో ఏటా 93 లక్షల టన్నులు బహిరంగంగా కాలిపోతోందనో, చెత్తగా పరిసరాల్లో కలుస్తోందనో చెప్పింది. పుట్టినదాని కంటే బయటపడింది రెట్టింపుకు మించడమేమిటి? గ్రామాల చెత్త, బయట తగలబెట్టేది, చెత్త ఏరుకునేవారి చేతుల మీదుగా పోయేది అధికారిక లెక్కల్లోకి రావడం లేదన్నది ఆ పరిశోధకుల వాదన. 93 లక్షలూ కంప్యూటర్ నమూనా ఇచ్చిన అంచనాయే. ఏదేమైనా తప్పు అంకెతో మొదలైతే ఎంత గొప్ప సమీకరణమైనా తప్పు జవాబే ఇస్తుంది.

2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం అందుకుంది. చిన్న విజయం కాదు. అయితే ఆ ర్యాంకు ఖాడీలో గంటకు ఎన్ని సీసాలు, సంచులు కొట్టుకుపోతున్నాయో చెప్పదు. తెలంగాణ నుంచి వెళ్లిన చేనేత కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్ లాంటి ప్రాంతాలకు ఇది దూరపు సముద్రం సంగతి కాదు. మీఠీ ఖాడీ పొంగితే నీళ్లొచ్చేది వాళ్ల ఇళ్లలోకే. పొంగడానికి ఆక్రమణలు, పూడిక, సముద్రపు పోటు కూడా కారణాలే గానీ, నీటిదారికి అడ్డుపడే ప్లాస్టిక్‌ను పక్కన పెట్టలేం.

పోటు సంగతి ప్రత్యేకం. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్ల తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. పాటు వేళ కిందికి వెళ్లిన చెత్త పోటుకు మళ్లీ పైకొస్తుంది. ఏడాది సగటుతో లెక్కించే నమూనాకు ఈ రాకపోకలు పట్టవు. వాగుకు అడ్డంగా వల ఎక్కడ, ఏ వేళలో వేయాలో తేల్చాలంటే స్థానిక కొలతలే దిక్కు. తేలే వస్తువు ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టే నైపుణ్యం మన దగ్గర లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2016లో తెచ్చిన ‘సరత్’, సముద్రంలో గల్లంతైనవారి కోసం గాలి, ప్రవాహాల ఆధారంగా చేసేది ఈ పనే.

పసిఫిక్‌లోని పెద్ద చెత్తకుప్పలో 79 వేల టన్నుల ప్లాస్టిక్ ఉందని 2018 అంచనా. అది 16 లక్షల చదరపు కిలోమీటర్లలో చెదిరి ఉంది. అంటే చదరపు కిలోమీటరుకు సగటున 50 కిలోలు కూడా లేదు. ఖాడీలో అదే 50 కిలోలు ఒక వంతెన కింద చిక్కుకుని ఉంటాయి. వంతెన మీద నిలబడి తేలుతున్న వస్తువులను లెక్కపెట్టడం పరిశోధకులు అనేక దేశాల్లో వాడుతున్న పద్ధతే. వానకు ముందు ఖాడీల్లో పూడిక తీయించే నగరపాలక సంస్థ, అందులోని ప్లాస్టిక్‌ను వేరుగా తూచి ఖాడీల వారీగా ప్రకటిస్తే ఆ మొదటి అంకె సరిదిద్దుకోవడానికి వచ్చే వానాకాలం నుంచే వీలవుతుంది.